ఇసుక గూడ్సు దాటేలోగా

పదిహేడో నంబరు ప్యాసింజరు బండికి ఏటా ఒకసారి ప్రాణగండం ఉండేది. బడ్జెట్ నెల రాగానే రాజధానిలో ఎవరో ఒక సభ్యుడు లేచి, ఖాళీ సీట్లను కొండలూ కోనలూ తిప్పి తీసుకురావడానికి ప్రజల సొమ్మెందుకని అడిగేవాడు. ఇంకొకాయన లేచి బల్ల గుద్దేవాడు. నెలాఖరుకు బండి ఎలాగో బతికి బట్టకట్టేది. పదకొండేళ్లుగా ఆ బండికి గార్డుగా ఉన్నావిడ ఈ తంతుకు అలవాటు పడిపోయింది. "గండం గడిచిందా?" అని భోజనాల పెట్టెలో వంటాయన అడిగేవాడు. "గడిచింది, గుడ్లు తెప్పించు" అనేది ఆవిడ. వాళ్లిద్దరి మధ్యా బడ్జెట్ మీద చర్చ అంతకు మించి సాగేది కాదు.

ఆ ఏడాది మాత్రం గండం టికెట్టు కూడా కొనుక్కోకుండా తనే వచ్చి బండెక్కింది.

బండ్లకు డబ్బులివ్వాలా వద్దా అని తేల్చే కమిటీలో నలుగురు సభ్యులు, ఒక అధ్యక్షురాలు. సాయంత్రం ఐదింటికి రాజధానిలో ఓటింగు. దానికి ముందు బండిని కళ్లారా చూస్తామని ఐదుగురూ సరిహద్దు ఊళ్లో పొద్దున ఎనిమిదింటికి ఎక్కారు. బండి సవ్యంగా నడిస్తే రెండుంపావుకల్లా రాజధాని చేరుతుంది. సవ్యంగా నడిస్తే.

నలుగురిలో నోరున్నది ఇద్దరికే. ఏ ఖర్చు కనబడినా కోసెయ్యమనే ఆయన్ని అందరూ కత్తెర గారు అనేవారు. ఆయనకు ఎదురుపక్షం కంచు గారు, గొంతు అలాంటిది. మిగతా ఇద్దరికీ సొంత మాటలతో ఎన్నడూ పనిపడలేదు. కంచు గారి పక్కన కూర్చునేవాడు వంతపాట. కత్తెర గారు తానా అంటే తందానా అనేవాడి పేరు ఎన్నో ఏళ్లుగా తందానాయే. సొంత భార్య కూడా అలాగే పిలుస్తుందని చెప్పుకునేవారు. ఓట్లు ఎప్పుడూ చెరి రెండూ పడేవి. అప్పుడు అధ్యక్ష కుర్చీలో ఉన్నవాళ్లు తమ ఓటు వేసేవారు. నిరుడు ఆ కుర్చీలో కంచు గారి పార్టీ మనిషి ఉండేవాడు. ఈ ఏడు కూర్చున్నావిడది కత్తెర గారి పార్టీ. అంటే ఓటు పడకముందే బండి పోయినట్టే లెక్క.

పొద్దున ఏడింటికి, గార్డు ఇంకా పెట్టెల తలుపులు చూసుకుంటుండగానే, పెద్దాఫీసు నుంచి ఫోనొచ్చింది.

"ఏమ్మా, ఇవాళ బండి బాగుండాలి" అన్నాడు ఆఫీసరు.

"బాగానే ఉంటుంది సార్."

"మరీ బాగుండకూడదు."

"అంటే?"

"మరీ బాగుంటే ఇంకా డబ్బులెందుకంటారు. మరీ పాడుగా ఉంటే ఈ దండగెందుకంటారు. మధ్యస్తంగా ఉండాలి."

గార్డుకు ఒళ్లు మండింది. "మా దగ్గర ఒక పెట్టెలో హీటరు పనిచేస్తుంది, ఇంకో పెట్టెలో చెయ్యదు సార్. ఒక కాలు ఇందులో, ఒక కాలు అందులో పెట్టుకుని కూర్చోమనండి. సగటున వెచ్చగా ఉంటారు."

"భలే చెప్పావమ్మా!" అన్నాడు ఆఫీసరు. ఆయనకు వెటకారం ఎక్కదు. "కత్తెర గారిని వెచ్చటి పెట్టెలో కూర్చోబెట్టు. సుఖపడి మనవైపు తిరుగుతాడు. కంచు గారు ఎలాగూ మనవాడేగా, ఆయన్ని చల్లటి పెట్టెలో కూర్చోబెట్టు. డబ్బుల్లేక ఎంత అవస్థ పడుతున్నామో కళ్లారా చూసి గట్టిగా అరుస్తాడు."

గార్డు అలాగే చేసింది. గంటన్నర తర్వాత వెళ్లి చూస్తే కత్తెర గారు కోటు విప్పి, కాళ్లు బారజాపి, బంగారంలా ఉన్నారు.

"ఇంత హాయిగా నడుస్తోందే! ఇక మీకు ప్రభుత్వం డబ్బులెందుకమ్మా?" అన్నారాయన.

"ఎందుకంట?" అన్నాడు తందానా.

పక్క పెట్టెలో కంచు గారు రెండు శాలువాలు చుట్టుకుని, ముక్కు ఎర్రబడి, పళ్లు టకటకలాడిస్తూ కనిపించారు. "పదేళ్లుగా నేను బల్లలు గుద్దింది ఈ మంచుపెట్టె కోసమా?" అని ఆయన అరిస్తే రెండు పెట్టెల అవతల చంటిపిల్ల లేచి ఏడ్చింది.

గార్డు ఆఫీసరుకు ఫోన్ చేసింది. "అయితే అటువాళ్లని ఇటు, ఇటువాళ్లని అటు మార్చు!" అన్నాడాయన. ఆవిడ మార్చింది. అరగంటలో కత్తెర గారు చల్లటి పెట్టెలో నిలబడి, "ఇది బండి కాదు, తుక్కు. తూకానికి అమ్మెయ్యాలి" అన్నారు. వెచ్చటి పెట్టెలో కంచు గారు ఆవలిస్తూ, "అంతా బానే ఉంది కదమ్మా, నేనిప్పుడు దేని గురించి అరవను?" అని అడిగి కునుకు తీశారు. వంతపాట అప్పటికే గుర్రు పెడుతున్నాడు.

"ఏం చెయ్యమంటారు సార్?" అంది గార్డు ఫోన్లో.

"అందరినీ నడవాలో నిలబెట్టు" అన్నాడు ఆఫీసరు. గార్డు ఫోన్ జేబులో పడేసుకుంది. ఆ రోజుకు మళ్లీ ఆఫీసరు ఫోన్ ఎత్తలేదు.

అధ్యక్షురాలు మాత్రం ఏ పెట్టెలోనూ కూర్చోలేదు. ఎక్కగానే నేరుగా భోజనాల పెట్టెకు వెళ్లి, దిండంత లావు రూల్సు పుస్తకం బల్ల మీద పెట్టుకుని, వంటాయన ఉడికించిన గుడ్లు ఒక్కొక్కటే ఒలుచుకు తింటూ కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. బక్కపలచటి మనిషి. ఆవిడ మొహం చూసి ఎవరూ ఏమీ పోల్చుకోలేరు.

పదకొండూ నలభైకి బండి ఒక చిన్న స్టేషన్ దాటి లూప్ లైన్లోకి, అంటే పక్క పట్టాల మీదికి మళ్లి, నిట్టూర్చి ఆగిపోయింది. ఒకపక్క మెయిన్ లైను, ఇంకోపక్క మోకాలెత్తు గడ్డి. మనిషి అలికిడి లేదు.

గార్డుకు ఎవరు ఆపారో చెప్పాల్సిన పనిలేదు. ఆ పట్టాలు ప్యాసింజరు బండ్లవి కావు, ఒక గూడ్సు కంపెనీవి. వీళ్లు అద్దెకున్నవాళ్ల కింద లెక్క. ఏ బండి ముందు పోవాలో కంపెనీ కంట్రోల్ రూంలో కూర్చుని తేల్చే మనిషి గార్డుకు స్వయానా బావ, అక్క మొగుడు. పదకొండేళ్లుగా ఆవిడ బతిమాలుతూనే ఉంది. ఆయన కాదంటూనే ఉన్నాడు. పండక్కీ పబ్బానికీ ఒకే బల్ల దగ్గర కూర్చున్నా ఈ సంగతి ఎత్తకూడదని మధ్యలో అక్క ఒట్టు వేయించింది.

"బావా, నేనే."

"తెలుసులే మరదలా. మొదట బొగ్గు పోతుంది, తర్వాత సిమెంటు, ఆ తర్వాత ఇసుక. ఆ తర్వాత నువ్వు."

"మనుషుల బండి ముందు పోవాలని చట్టం ఉంది బావా."

"ఉంది. నూట నలభై పెట్టెల గూడ్సు ఆ లూప్‌లో పడుతుందా చెప్పు? పట్టదు. నీది తొమ్మిది పెట్టెల బండి. పడుతుంది. చట్టం పెద్దదే కానీ లూప్ చిన్నది."

వెనకనుంచి కత్తెర గారు ఫోన్ లాక్కున్నారు. "నేనెవరో తెలుసా నీకు?"

"తెలీదండీ. బొగ్గు తెలుసు, సిమెంటు తెలుసు, ఇసుక తెలుసు" అని బావ పెట్టేశాడు.

"లూప్ లైన్లు పొడిగించుకోవచ్చు కదా! అంత బుద్ధి లేదా ఈ రైల్వేవాళ్లకి?" అని కత్తెర గారు మండిపడ్డారు.

గార్డు మర్యాదగానే చెప్పింది. "నాలుగేళ్ల కిందట అడిగారండీ. తమరే కోసేశారు."

"కోసేశారు" అన్నాడు తందానా అలవాటు కొద్దీ. కత్తెర గారు ఆయన వైపు గుడ్లురిమి చూశారు.

బొగ్గు వెళ్లింది. ఒంటిగంటకు సిమెంటు వెళ్లింది. ఇసుక జాడ లేదు. జనం ఒక్కొక్కరే దిగి గడ్డిలో నడుములు వాల్చారు. కంటి పరీక్షకు వెళ్తున్న ముసలాయన ఒకడు పేకముక్కలు తీశాడు. గార్డు భోజనాల పెట్టెలోకి వెళ్లేసరికి అధ్యక్షురాలు ఐదో గుడ్డు ఒలుస్తోంది.

"అమ్మగారూ, ఐదింటికి చేరకపోతే ఓటింగు రేపు పెడతారా?"

"రేపు కుదరదు. గడువు ఇవాళ ఐదింటితో సరి." ఆవిడ పుస్తకం తిప్పి ఒక పేజీ మీద వేలు పెట్టింది. "గడువులోగా ఓటు పడకపోతే పాత గ్రాంటే ఇంకో ఏడాది నడుస్తుంది. రూలు." తర్వాత గుడ్డు మీద ఉప్పు జల్లుకుంది.

గార్డు గడియారం చూసుకుంది. ఆలస్యమే ఈ బండి పాలిట దేవుడన్నమాట! పదకొండేళ్లు ఏ ఆలస్యాన్ని తిట్టిపోసిందో దాని కాళ్లు మొక్కాలనిపించింది. రాజధాని ఇక్కడికి రెండున్నర గంటల దారి. రెండున్నర దాటేదాకా బండి కదలకపోతే చాలు. బావ సంగతి తెలిసిందే కాబట్టి అదేమంత కష్టం కాదనుకుంది.

రెండూ ఇరవైకి ఫోన్ మోగింది.

"మరదలా!" బావ గొంతులో ఎన్నడూ వినని ఉత్సాహం. "మీ అక్క ఫోన్ చేసి ఏడ్చింది. ఇవాళ బండి అందకపోతే చెల్లెలి ఉద్యోగం పోతుందంట కదా? నా సర్వీసులో మొదటిసారి ఇసుకని వెనక స్టేషన్లో నిలబెట్టేశాను. మా మేనేజరు నన్ను నమిలి మింగేస్తాడు. అయినా సరే. లైన్ ఇచ్చాను, బయల్దేరు!"

"వద్దు బావా!"

"ఏమన్నావ్?"

"వద్దు. ఇసుకనే ముందు పోనీ."

"ఒంట్లో బావుందా నీకు? పదకొండేళ్లు నా చెవిలో జోరీగలా పోరి పోరి, తీరా ఇస్తే వద్దంటావా?"

"నీ రూలే రైటు బావా. లూప్ చిన్నది. ఇసుక పెద్దది. పెద్దవాళ్లకి దారివ్వాలి."

"ఈ ఒక్క ముక్క నీ నోట వినాలని ఎన్నాళ్లు చూశాను!" బావ నిజంగానే చలించిపోయాడు. "సరే, ఇసుకని వదులుతున్నాను. పది నిమిషాల్లో నీ పక్కనుంచి పోతుంది."

గార్డు ఫోన్ పెట్టేసి వెనక్కి తిరిగితే కత్తెర గారు మూడడుగుల దూరంలో నిలబడి ఉన్నారు. ఆయన గడియారం చూసుకున్నారు, గార్డు మొహం చూశారు. రాజకీయాల్లో తలపండిన మనిషి, విడమరిచి చెప్పక్కర్లేదు.

"ఓహో. గడువు దాటించేద్దామని! ఓటింగు రాజధానిలోనే జరగాలని ఎక్కడా లేదు. అధ్యక్షురాలూ నలుగురు సభ్యులూ ఉంటే చెట్టుకిందైనా పెట్టొచ్చు. అందరినీ పిలవండి!"

అధ్యక్షురాలు పుస్తకం చూసి అది నిజమేనంది. అతి తెలివికి పోయి చేతికందిన గెలుపుని చేజేతులా జారవిడుచుకున్నానని గార్డు తనను తాను తిట్టుకుంది. కమిటీ మొత్తం గడ్డిలోకి దిగింది. పేకాట ఆపి జనమంతా చుట్టూ చేరారు. లెక్క చూస్తే ముగ్గురే సభ్యులు.

"తందానా ఏడీ?" అన్నారు కత్తెర గారు.

"ఇక్కడ! ఇక్కడ!" అని పైనుంచి వినబడింది.

అందరూ తలలెత్తారు. మూడో పెట్టె బాత్రూం కిటికీలోంచి మోచేతి పైదాకా ఒక చెయ్యి బయటికొచ్చి ఉంది. దాని చివర తెల్ల చేతిరుమాలు ఊగుతోంది.

జరిగిందేమిటంటే, ఆ బాత్రూం గడియ పాడై రెండేళ్లయింది. లోపలినుంచి వేసుకుంటే మళ్లీ రాదు. 'వాడరాదు' అని అట్టముక్క మీద రాసి అంటించారు, అది ఏ గాలికో ఎగిరిపోయింది. తందానా ఇరవై నిమిషాలు తలుపు బాది, ఎవరూ పలక్కపోతే, గడ్డిలో ఉన్నవాళ్లకు సైగ చేద్దామని పైకి జరిపే అద్దం ఎత్తి చెయ్యి బయట పెట్టాడు. అద్దం జారి మోచేతికి పైన పడి అక్కడే బిగుసుకుంది.

"బయటికి తియ్యండి బాబూ!"

వంటాయన స్క్రూడ్రైవర్ కోసం పరుగెత్తాడు. కత్తెర గారు ఆగలేకపోయారు. గార్డు మళ్లీ ఏం పన్నుతుందోనని ఆయన భయం. "ఆ పని తర్వాత చేసుకోవచ్చు. మనిషి ఇక్కడే ఉన్నాడు, చెయ్యి కనిపిస్తోంది. ఓటుకి అంతకంటే ఏం కావాలి? కానివ్వండి!"

అధ్యక్షురాలు కళ్లద్దాలు సర్దుకుని కిటికీ వైపు చూసింది. "సభ్యులు హాజరేనా?"

"హాజరేనమ్మా, ముందు నన్ను బయటికి..."

"హాజరు." ఆవిడ రాసుకుంది. తర్వాత తీర్మానం చదవడం మొదలుపెట్టింది. పదిహేడో నంబరుతో సహా దూరప్రాంతపు బండ్లన్నిటికీ రైల్వే అడిగిన మొత్తం, హీటర్లకు, గడియలకు, లూప్ లైన్ల పొడిగింపుకు కలిపి, ఇవ్వాలనే తీర్మానం అది. కోసెయ్యాలంటే ముందు దాన్ని ఓడించాలి.

ఆవిడ చదువుతుండగానే దూరంగా నేల అదరడం మొదలైంది. బావ మాట ప్రకారం ఇసుక వచ్చేస్తోంది.

"అనుకూలంగా ఉన్నవారు చేతులెత్తండి!"

ఆ మాట పూర్తవడమూ, బండికి అవతలి పక్క మెయిన్ లైను మీద ఇంజను కూత పెట్టడమూ ఒకేసారి జరిగాయి. ఆ తర్వాత నూట నలభై పెట్టెల మోత. ఇసుక గాల్లోకి లేచి అందరి నెత్తుల మీదా పడింది. కంచు గారు చెయ్యెత్తారు. వంతపాట ఎత్తాడు. అధ్యక్షురాలు కిటికీ వైపు చూసింది. అక్కడ మూడో చెయ్యి నిటారుగా, రుమాలుతో సహా, మహా ఉత్సాహంగా ఊగుతోంది. లోపల తందానా గొంతు చించుకుంటున్నాడు. ఏమంటున్నాడో దేవుడికి కూడా వినబడే దారి లేదు.

ఆవిడ మూడు వేళ్లు చూపించి, రాసుకుంది.

కత్తెర గారు ఆవిడ ముందుకొచ్చి గెంతుతూ, కిటికీ వైపు వేలు చూపుతూ, రెండు చేతులూ అడ్డంగా ఊపుతూ ఏదో అరిచారు. ఆవిడ చెవి దగ్గర చెయ్యి పెట్టి, వినబడలేదన్నట్టు తల అడ్డంగా ఊపింది. తర్వాత వ్యతిరేకులెవరని సైగ చేసింది. కత్తెర గారు ఎత్తారు. కిటికీలో చెయ్యి ఇంకా పైనే ఉంది. ఆవిడ దాన్ని చూసి, పుస్తకంలో ఒక పేజీ తీసి, సభ్యుడు ఒకే విషయం మీద రెండుసార్లు ఓటు వెయ్యరాదన్న రూలును వేలితో చూపించింది. సంతకం పెట్టింది. పుస్తకం మూసింది.

ఆఖరి పెట్టె దాటిపోయింది. ఒక్కసారిగా నిశ్శబ్దం.

"అది ఎత్తిన చెయ్యి కాదు, ఇరుక్కున్న చెయ్యి!" కత్తెర గారి అరుపు ఆ నిశ్శబ్దంలో కొండకు తగిలి తిరిగొచ్చింది.

అధ్యక్షురాలు కొంగుతో కళ్లద్దాల మీది ఇసుక తుడుచుకుంది. "పాతికేళ్లుగా ఇలాంటి కమిటీల్లో ఉన్నాను. లేచిన చెయ్యి ఎందుకు లేచిందని ఎవర్నీ అడగలేదు. ఇవాళ మొదలుపెడితే చాలామందికి ఇబ్బందవుతుంది నాయనా. మూడుకి ఒకటి. తీర్మానం నెగ్గింది." ఆ తర్వాత వంటాయనను పిలిచి ఇంకో రెండు గుడ్లు మిగిలాయా అని అడిగింది.

వంటాయన స్క్రూడ్రైవర్‌తో గడియ ఊడదీసి, అరకిలో వెన్న రాసి, తందానా చేతిని అద్దం కిందినుంచి సబ్బుబిళ్లలా జారగొట్టాడు. తందానా బయటికొచ్చేసరికి కత్తెర గారు కాగితం, కలం పట్టుకుని సిద్ధంగా ఉన్నారు.

"నా ఓటు పొరపాటున పడిందని రాసి సంతకం పెట్టు."

తందానా కలం అందుకున్నాడు. ఇంతలో కంటి పరీక్షకు వెళ్తున్న ముసలాయన జనాన్ని తోసుకుంటూ వచ్చి ఆ వెన్నచేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు. "బాబూ, మా ఊరికి ఇదొక్కటే బండి. చల్లగా ఉండు నాయనా" అన్నాడు. వెనకే ఒకావిడ పట్టుకుంది. ఆ వెనక ఇంకొకరు. రాజధానిలోపు బండి నాలుగు స్టేషన్లలో ఆగింది, కబురు ఎలా పాకిందో గానీ నాలుగుచోట్లా జనం కిటికీ దగ్గరకు వచ్చి, "ఆ చెయ్యి ఏదీ?" అని అడిగి మరీ కరచాలనం చేశారు. పుట్టి బుద్ధెరిగాక తందానాకు ఎవరూ కృతజ్ఞతలు చెప్పలేదు. చెప్పడానికి ఆయన ఏనాడూ ఏమీ చెయ్యలేదు.

రాజధానిలో దిగబోతుండగా కత్తెర గారు మళ్లీ కాగితం చాచారు. "సంతకం పెట్టావా? అది పొరపాటే కదా?"

తందానా నోరు తెరిచాడు. "కదా" అనే ముక్క నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగి, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి తన జేబులోనే పెట్టుకున్నాడు.

"లేదండీ. ఆలోచించే ఎత్తాను."

గార్డు ఆ మాట విని చేతిలోని పచ్చజెండా కింద పడేసుకుంది.

డబ్బులొచ్చాయి. అడిగినంత కాదు, దారిలో ఎక్కడెక్కడో కొంత ఇంకిపోగా మిగిలింది వచ్చింది. గడియలు బాగయ్యాయి. రెండో హీటరు బాగయ్యేలోపు మొదటిది చెడింది. ఆ చిన్న స్టేషన్లో లూప్ పొడిగించే పని మొదలై, కొలతలు పూర్తయ్యాయి. ఇసుకను పదిహేను నిమిషాలు ఆపినందుకు బావకు కంపెనీ మెమో ఇచ్చింది. ఆయన దాన్ని బంధువులందరికీ చూపించి, మరదలి కోసం తాను చేసిన త్యాగం కింద చెప్పుకున్నాడు. కత్తెర గారు తన ఊళ్లో బండి ఆగిన రోజున దండ వేయించుకుని, ఈ బండిని కాపాడిన కమిటీలో తానూ ఒకణ్ణని ప్రసంగించారు. అది అబద్ధం కాదు కాబట్టి ఎవరూ అడ్డు చెప్పలేకపోయారు.

తందానా మాత్రం పూర్తిగా మారిపోయాడు. ఆ తర్వాతి ఎన్నికల్లో ఎన్నడూ రానన్ని ఓట్లు తెచ్చుకున్నాడు. వారానికోసారి పదిహేడో నంబరెక్కి, గార్డు పక్క సీట్లో కూర్చుని, ఇన్నేళ్లూ లోపల దాచుకున్న అభిప్రాయాలన్నీ ఒక్కొక్కటే బయటపెట్టడం మొదలుపెట్టాడు. సీట్ల రంగు మీద, కిటికీ తెరల మీద, గుడ్డు ఎన్ని నిమిషాలు ఉడకాలన్నదాని మీద, ఇసుక మీద.

ఒకరోజు సరిహద్దు ఊరినుంచి మూడు గంటలు విన్నాక గార్డు లేచి నిలబడింది.

"సార్, మీకు ఇన్ని సొంత ఆలోచనలున్నాయని మాకు తెలీదు."

"నాకూ తెలీదమ్మా" అన్నాడాయన ఆనందంగా. "కూర్చో. పచ్చజెండా మరీ పచ్చగా ఉందని నా ఉద్దేశం. నువ్వేమంటావ్?"